తగ్గింపు ధరకి కొన్న ల్యాప్‌టాప్: వేడి, చార్జింగ్ గొడవ, ద్వారకానగర్ షాపు సంగతి

ముందే చెప్పేస్తున్నాను, ల్యాప్‌టాప్ మంచిదే. అమ్మిన తీరే మంచిది కాదు. ఈ రెండిటినీ కలిపేసి "ఈ కంపెనీ మిషన్లు కొనకండి, కాలిపోతాయి" అని రాసేస్తే సులువుగా పోతుంది కానీ అది నిజం కాదు, అందుకే కొంచెం ఓపిగ్గా మొత్తం రాస్తున్నాను. వైజాగ్‌లో ఇప్పుడు ఏ కంప్యూటర్ షాపుకి వెళ్లినా డిస్‌ప్లే పీసు, ఓపెన్ బాక్సు, స్టాక్ క్లియరెన్సు అని పది పదిహేను వేలు తగ్గించి ఇస్తున్నారు, పిల్లలు ఇంజనీరింగ్‌లో చేరే టైములో అందరం అటే చూస్తాం. చూడండి, తప్పులేదు. కాకపోతే ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వచ్చిందో కొనే ముందు తెలిసి ఉండాలి.

షాపు ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి నడిచివెళ్లేంత దగ్గర్లో ఉంది. పేరు రాయను, కంపెనీ పేరు కూడా రాయను. మా చెల్లి ఇంజనీరింగ్ చదువుతోంది, దాని కోసం తీసుకున్నది. ఇంటెల్ కోర్ ఐ5-13420హెచ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. సీలు తియ్యని బాక్సు అయితే 62 వేలు చెప్పారు, షెల్ఫులో పెట్టిన డిస్‌ప్లే పీసు 46,500. ఏడాది వారంటీ ఉంది, చార్జరుతో సహా అన్నీ ఒరిజినలే అన్నారు. జీఎస్టీ బిల్లు ఇచ్చారు, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాను. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మమ్మల్ని కాపాడింది అదే.

ఇంటికి తెచ్చిన మొదటి సాయంత్రం నుంచే గొడవ. ఏమీ చెయ్యకుండా టేబుల్ మీద పెట్టి ఉంచినా ఫ్యాను రయ్యిమని తిరుగుతుంది, కీబోర్డులో పై వరస, ముఖ్యంగా మధ్యలో, వేలు పెట్టలేనంత వేడి. చార్జింగ్ ఒక్కోసారి 80 శాతం దగ్గర ఆగిపోతుంది. ఒక్కోసారి చార్జరు పెట్టి ఉండగానే తగ్గిపోతుంది, మా చెల్లి ఏదో ప్రాజెక్టు కోడ్ రన్ చేస్తుంటే గంటలో 72 నుంచి 56కి దిగింది, ప్లగ్ గుర్తు మాత్రం అలాగే కనిపిస్తోంది. "అన్నయ్యా, ఇది చార్జ్ ఎక్కుతోందా దిగుతోందా" అని అడిగింది. ఇంకోసారి చార్జింగే పూర్తిగా ఆగిపోయి, కాసేపు ఆపి ఉంచాక మళ్లీ మొదలైంది.

షాపుకి ఫోన్ చేస్తే "కొత్త మిషను సార్, వారం పది రోజులు వేడెక్కుతుంది, తర్వాత అదే సెట్ అయిపోతుంది" అన్నారు. ఈ మాటలో కొంత నిజం ఉంది కాబట్టే జనం నమ్మేస్తారు. కొత్త ల్యాప్‌టాప్ మొదటి రోజుల్లో విండోస్ అప్‌డేట్లు దించుకుంటుంది, ఫైళ్లన్నిటికీ సెర్చ్ ఇండెక్సు కట్టుకుంటుంది, వన్‌డ్రైవ్ సింక్ అవుతుంది, విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ మొత్తం స్కాన్ చేస్తుంది, ఇవన్నీ కలిసి ప్రాసెసర్‌ని ఊపిరి తీసుకోనివ్వవు. అయితే ఆ పనులు నడుస్తున్నాయో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ కాలమ్ మీద నొక్కితే ఎక్కువ తినేది పైకి వస్తుంది. పైన అప్‌డేట్ సంబంధించినవి ఉంటే ఒకట్రెండు రోజులు చూడొచ్చు. మా దాంట్లో పైన ఉన్నది అప్‌డేట్ కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను. వారం పది రోజులు అనే మాటకి ఇంకో కోణం కూడా ఉంది, చాలా షాపుల్లో వస్తువు మార్చి ఇచ్చే గడువు ఏడు రోజులే ఉంటుంది. కాబట్టి "సెట్ అవుతుంది" అంటే ఆగకండి, సమస్య ఏంటో వాట్సాప్‌లో తేదీతో సహా రాసి పంపండి. నేను అదే చేశాను.

ఇప్పుడు అసలు విషయం, చార్జరు. వేడి గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలామంది చార్జరుని పట్టించుకోరు, వేడి వేరు చార్జింగ్ వేరు అనుకుంటారు. మా కేసులో రెండూ ఒకే చోట ముడిపడి ఉన్నాయి.

డాబాగార్డెన్స్‌లో ఒక చిన్న రిపేరు షాపు ఉంది, పెద్దాయన ఒక్కరే కూర్చుంటారు, చుట్టూ విప్పేసిన బోర్డులు. ల్యాప్‌టాప్ ఇస్తే ఆయన దాన్ని ముట్టుకోలేదు, ముందు చార్జరు అడిగారు. దాని వెనక చిన్న అక్షరాలు చూసి "ఏటండీ ఇది, ఈ మిషనుకి ఇదెవరిచ్చారు" అన్నారు. అవుట్‌పుట్ అని రాసిన చోట 20 వోల్టులు, 2.25 ఆంపియర్లు అని ఉంది. రెండూ గుణిస్తే 45 వాట్లు. ల్యాప్‌టాప్ అడుగున అతికించిన లేబుల్ మీద మాత్రం 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంది, అంటే 65 వాట్లు కావాలి. రెండిటికీ పిన్ను ఒకటే, టైప్-సి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కంపెనీ కూడా అదే. వేరే చిన్న మోడల్ బాక్సులో చార్జరు తీసి మా బాక్సులో పెట్టేశారన్నమాట.

ఇరవై వాట్లు తగ్గితే ఏమవుతుందిలే అనుకోకండి. ఈ ప్రాసెసర్ పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంది చూశారా, పల్చటి ల్యాప్‌టాప్‌ల్లో వచ్చే యూ రకం కంటే ఇది ఎక్కువ కరెంటు తాగే రకం. దీని బేస్ పవరే 45 వాట్లు అని ఇంటెల్ చెప్తుంది, టర్బోలో, అంటే పని ఎక్కువై వేగం పెంచుకున్నప్పుడు, కాసేపు 95 వరకూ వెళ్లేలా డిజైన్ చేశారు, ల్యాప్‌టాప్ కంపెనీలు దాన్ని తమ బాడీకి తగ్గట్టు తగ్గించి పెడతాయి. అంటే ప్రాసెసర్ ఒక్కటే బేస్ పవర్ దగ్గర చార్జరు ఇచ్చేదంతా తినేస్తుంది. ఇంకా స్క్రీన్ ఉంది, ర్యామ్ ఉంది, ఎస్ఎస్‌డీ ఉంది, ఫ్యాను ఉంది, మళ్లీ బ్యాటరీ చార్జ్ అవ్వాలి. తక్కువైంది ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాటరీ నుంచే. అందుకే ప్లగ్ పెట్టి ఉండగానే శాతం దిగిపోతుంది. పని ఆపగానే చార్జరులో మిగిలిందంతా బ్యాటరీలోకి వెళ్తుంది, మళ్లీ పని మొదలుపెట్టగానే బయటికి వస్తుంది, ఒక చేత్తో బిందెలో పోస్తూ ఇంకో చేత్తో తోడేస్తున్నట్టు. ఇలా ఎక్కిదిగడంలో బ్యాటరీ వేడెక్కుతుంది. దాని పక్కనే ప్రాసెసర్ వేడి. ఎప్పుడూ పూర్తి లోడు మీద నడిచే చార్జరు డబ్బా కూడా కాలిపోతుంటుంది, దాన్ని మంచం మీద దుప్పటి కింద వదిలేస్తే మరీ ప్రమాదం.

మరి చార్జింగ్ పూర్తిగా ఆగిపోవడం ఎందుకు? లిథియం అయాన్ బ్యాటరీలని మామూలుగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యే చార్జ్ చేస్తారు. బ్యాటరీ ప్యాక్ లోపల ఉష్ణోగ్రత చూసే సెన్సర్ ఉంటుంది, హద్దు దాటితే మిషనే చార్జింగ్ ఆపేస్తుంది లేదా బాగా తగ్గించేస్తుంది, చల్లబడ్డాక మళ్లీ మొదలుపెడుతుంది. మా దాంట్లో జరిగింది అదే. అది పాడవడం కాదు, తనని తాను కాపాడుకోవడం. ఇది తెలియక కొంతమంది బ్యాటరీ మార్పించేస్తారు, కొత్త బ్యాటరీ కూడా అదే వేడిలో అలాగే ఆగుతుంది, డబ్బులు దండగ.

పెద్దాయన తన దగ్గరున్న 65 వాట్ల చార్జరు పెట్టి, ఏదో లోడు టెస్టు నడిపి, అరగంట కూర్చోబెట్టి చూపించారు. శాతం ఎక్కుతూనే ఉంది. విండోస్‌లో చార్జరు బలహీనంగా ఉంటే నెమ్మది చార్జరు అని ఒక నోటిఫికేషన్ వస్తుంది, షాపులో మాకు సెట్ చేసి ఇచ్చినప్పుడు నోటిఫికేషన్లన్నీ ఆపేసి ఉంచారు, అందుకే అది కనిపించలేదు. ఆయన ఇంకో మంచి మాట చెప్పారు, చార్జరు సరిపోయినా కేబుల్ విడిగా వచ్చే రకమైతే దాన్ని కూడా చూడాలట. టైప్-సి కేబుల్ మామూలుది 3 ఆంపియర్ల వరకే, 20 వోల్టుల దగ్గర అంటే 60 వాట్లు. అంతకంటే ఎక్కువ వెళ్లాలంటే కేబుల్ తలలో ఈ-మార్కర్ అనే చిప్పు ఉండాలి. ఫోను కేబుల్ పెట్టి "పెద్ద చార్జరు కొన్నా ఎక్కట్లేదు" అనేవాళ్లు రోజూ వస్తారన్నారు.

అలాగే విడిగా చార్జరు కొనాల్సి వస్తే దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు చూడండి. మన దేశంలో ల్యాప్‌టాప్ అడాప్టర్లకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో చూపిస్తుంది. ఫుట్‌పాత్ మీద ఆరేడు వందలకి దొరికే వాటిల్లో చాలావాటికి ఈ గుర్తే ఉండదు, ఉన్నా నంబరు కలవదు.

ఆయన మా దగ్గర డబ్బులు తీసుకోలేదు. ఎంత ఇవ్వమంటారు అంటే "వారంటీలో ఉన్న మిషను నేను విప్పను బాబూ, విప్పనిదానికి డబ్బులేటి" అన్నారు. ఈ రివ్యూలో ఎవరికైనా ఐదుకి ఐదు ఇవ్వాలంటే ఆయనకే.

80 దగ్గర ఆగిపోవడం మాత్రం చార్జరు వల్ల కాదు, అసలు సమస్యే కాదు. బ్యాటరీ ఎక్కువకాలం ఉండడానికి ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీలూ చార్జ్ హద్దు పెట్టుకునే సౌకర్యం ఇస్తున్నాయి. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్ అని, ఆసుస్‌లో మైఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్ అని ఉంటుంది, హెచ్‌పీ, డెల్ మిషన్లలో బయోస్‌లోనో (విండోస్ కంటే ముందు లేచే, మిషను లోపలి ప్రోగ్రాం) వాళ్ల యాప్‌లోనో దొరుకుతుంది. షాపులో రోజంతా ప్లగ్‌లో ఉండే డిస్‌ప్లే పీసుకి దీన్ని ఆన్ చేసి ఉంచడం మంచి పనే. చెప్పకుండా ఇవ్వడమే ఇబ్బంది. మా చెల్లి కాలేజీకి తీసుకెళ్లే రోజు ముందు రాత్రి దాన్ని తీసేస్తుంది, ఇంట్లోనే ఉండే రోజుల్లో పెట్టేస్తుంది. మీకు 60 దగ్గరో 80 దగ్గరో కచ్చితంగా ఒకే అంకె మీద ఆగిపోతుంటే ముందు ఇది చూడండి. ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ఆగుతుంటే అది వేడో చార్జరో.

బ్యాటరీ ఎంత వాడి ఉందో విండోస్ తానే చెప్తుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో కలిపి కొడితే ఒక ఫైలు తయారవుతుంది, బ్రౌజరులో తెరుచుకుంటుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పక్కపక్కనే ఉంటాయి, చాలా మిషన్లలో సైకిల్ కౌంట్, అంటే బ్యాటరీ ఎన్నిసార్లు నిండా వాడేసినంత అయిందో ఆ లెక్క కూడా ఉంటుంది. మా దాంట్లో డిజైన్ 50,000 మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు నిండేది 44,800, సైకిళ్లు 118. అంటే పది శాతం ఖర్చైపోయిన బ్యాటరీ అన్నమాట. డిస్‌ప్లే పీసుకి ఇది మరీ అన్యాయం కాదు, కానీ కొనేముందు షాపులోనే రెండు నిమిషాల్లో చూసుకోగలిగే లెక్క ఇది, చూసి బేరం ఆడొచ్చు. 85 శాతం కంటే తక్కువుంటే నేనైతే ఆ ధరకి తీసుకోను.

ఇక వేడి. చార్జరు మార్చాక బ్యాటరీ దగ్గర వేడి తగ్గింది కానీ ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాను రొద తగ్గలేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూశాను, ఏ పనీ చెయ్యకపోయినా ప్రాసెసర్ 65 నుంచి 70 డిగ్రీల మధ్య ఆడుతోంది, కోడ్ కంపైల్ (రాసిన కోడ్‌ని మిషను భాషలోకి మార్చే బరువైన పని) పెడితే 97, 98కి వెళ్లి స్పీడు పడిపోతోంది. ఈ ప్రాసెసర్ హద్దు 100 డిగ్రీలు, అక్కడికి చేరితే తనే వేగం తగ్గించుకుంటుంది. లోడు మీద 90 దాటడం ఈ హెచ్ రకం వాటికి కొత్త కాదు, దానికి భయపడక్కర్లేదు. ఏ పనీ లేకుండా 65 ఉండడమే తేడా.

టాస్క్ మేనేజర్‌లో పైన ఉన్నది అప్‌డేట్ కాదు అన్నాను కదా, అది షాపు డెమో ప్రోగ్రాం. షెల్ఫులో పెట్టినప్పుడు స్క్రీన్ మీద రంగురంగుల వీడియోలు తిరుగుతుంటాయి చూడండి, అది. షాపువాళ్లు దాన్ని తియ్యలేదు, పాత విండోస్ మీదే కొత్త యూజరు పెట్టేసి ఇచ్చారు. కాసేపు ముట్టుకోకుండా వదిలేస్తే వెనకాల అది లేచి పని మొదలుపెడుతోంది. సెట్టింగ్స్‌లో రికవరీ కింద రీసెట్ దిస్ పీసీ ఉంటుంది, అన్నీ తీసెయ్యి అనే ఆప్షన్ పెట్టి మొత్తం కొత్తగా చేసుకున్నాం. తర్వాత కంపెనీ సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి బయోస్, చిప్‌సెట్ డ్రైవర్లు వేసుకున్నాం. బయోస్ అప్‌డేట్‌లో ఫ్యాను ఏ వేడికి ఎంత తిరగాలి, చార్జింగ్ ఎలా నడవాలి అనేవి కూడా మారొచ్చు కాబట్టి వదలకండి, కాకపోతే చార్జరు పెట్టి, బ్యాటరీ సగం పైన ఉన్నప్పుడే చెయ్యండి, మధ్యలో ఆపకండి. ఒక్క డెమో ప్రోగ్రాం పోవడంతోనే ఖాళీగా ఉన్నప్పుడు పది డిగ్రీలు తగ్గింది.

వేడికి రెండో కారణం మిషను అడుగున దొరికింది. డిస్‌ప్లే పీసులకి దొంగతనం జరగకుండా తీగతో ఒక అలారం బిళ్ల అతికిస్తారు. మా దానికి అడుగున గాలి లోపలికి వెళ్లే చిల్లుల మీదే కొంచెం పడేలా అతికించారు. బిళ్ల పీకేశారు కానీ జిగురు అలాగే ఉండిపోయింది, దానికి దుమ్ము, నూలు పట్టుకుని మూడో వంతు చిల్లులు మూసుకుపోయాయి. చాలా ల్యాప్‌టాప్‌లు చల్లగాలిని అడుగు నుంచి లాక్కుని వేడిగాలిని మడత దగ్గర నుంచో పక్క నుంచో వదుల్తాయి. అడుగు మూసేస్తే ఫ్యాను ఎంత అరిచినా లాభం లేదు. మిషను పూర్తిగా ఆపి, చార్జరు తీసి, మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం తడిపి నెమ్మదిగా రుద్దితే పోయింది, చిల్లుల్లోకి కారనివ్వకూడదు. గోళ్ల రంగు తీసే ద్రావకం వాడకండి, అందులో ఎసిటోన్ ఉంటే ప్లాస్టిక్ కరుగుతుంది. లోపల ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము మాత్రం సర్వీసు సెంటరులో తీయించాం.

ఆ సర్వీసు సెంటరుకి వెళ్లడంలోనే ఇంకో సంగతి బయటపడింది. సీరియల్ నంబరు కొట్టి చూస్తే వారంటీ మేము కొన్న తేదీకి ఐదు నెలల ముందే మొదలైపోయి ఉంది. అంటే ఏడాది అని చెప్పినదాంట్లో ఏడు నెలలే మిగిలింది. డిస్‌ప్లే పీసులో చాలామందికి తెలియకుండా పోయే డబ్బు ఇదే. కంపెనీ రికార్డులో అప్పటికే ఎక్కిన తేదీ అది, బిల్లు తేదీ వాళ్లకి తెలియదు. మా బిల్లు మీద సీరియల్ నంబరు, తేదీ, జీఎస్టీ నంబరు అన్నీ ఉన్నాయి కాబట్టి కంపెనీ సైట్‌లో బిల్లు ఫొటో పెట్టి తేదీ సరిచెయ్యమని అడిగితే కొన్నాళ్లకి సరిచేశారు. చేతిరాత స్లిప్పు ఉంటే అయ్యేది కాదని సర్వీసులో అమ్మాయే చెప్పింది. కొనేటప్పుడు షాపులోనే ఫోన్ తీసి కంపెనీ వారంటీ పేజీలో సీరియల్ కొట్టి చూడండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు మన ఊరి సంగతి కొంచెం. మేముండేది పెదవాల్తేరు, కిటికీ తీస్తే సముద్రపు గాలి. గదిలో వేడి ఎంత పెరిగితే మిషను లోపల కూడా దాదాపు అంతా పెరుగుతుంది, మే నెలలో గది 34 ఉంటే డిసెంబరులో వచ్చిన అంకెలు రావాలని ఆశించకూడదు. తేమ వల్ల నేరుగా ప్రాసెసర్ వేడెక్కదు. బాధంతా ఉప్పుతో. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్స్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎలా తుప్పు పడతాయో అందరం చూస్తూనే ఉన్నాం, అదే గాలి ల్యాప్‌టాప్ ఫ్యాను లోపలికి లాక్కుంటుంది. దుమ్ముకి ఆ తడి తోడైతే రెక్కల మధ్య అట్టలా గట్టిపడుతుంది, మామూలుగా ఊదితే పోదు. చార్జింగ్ పోర్టు లోపల రాగి మీద పచ్చగా చిలుం పట్టి వచ్చిన బోర్డులు డాబాగార్డెన్స్ పెద్దాయన చూపించారు. అందుకని బీచ్‌కి దగ్గరున్నవాళ్లు ఏడాదికోసారైనా లోపల శుభ్రం చేయించండి, వాడనప్పుడు కిటికీ పక్కన తెరిచి పెట్టకండి. ఏసీ గదిలోంచి తీసుకొచ్చి ఉక్కగా ఉన్న వరండాలో వెంటనే ఆన్ చెయ్యకుండా ఓ పావుగంట ఆగడం మంచిది, చల్లటి లోహం మీద తేమ పడుతుంది.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి ఇంకో మాట. చార్జింగ్‌లో ఉన్నప్పుడు లోహపు బాడీ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటే చాలాసార్లు ఇంట్లో ఎర్తింగ్ లేకపోవడమో, మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల కన్వర్టరులో పెట్టడమో కారణం. అది వదిలెయ్యాల్సిన విషయం కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్‌లో ఎర్త్ చూపించుకోండి. వదులుగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు వల్ల కూడా చార్జింగ్ వస్తూ పోతూ ఉంటుంది, ల్యాప్‌టాప్‌ని అనుమానించే ముందు నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి.

షాపు దగ్గరికి తిరిగి వస్తాను. చార్జరు లేబుల్, ల్యాప్‌టాప్ లేబుల్ రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి తీసుకెళ్లాను. కౌంటర్లో కుర్రాడు మొదట "పిన్ను ఒకటే కదా సార్, పనిచేస్తుంది" అన్నాడు, తర్వాత ఓనరు వచ్చి బిల్లు కింద అచ్చు వేసిన "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే లైను చూపించారు. ఆ లైను అచ్చు వేసినంత మాత్రాన లోపం ఉన్న వస్తువుకి అది వర్తించదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. గొంతు పెంచకుండా ఇదే చెప్పాను, 1915కి ఫోన్ చేస్తానని, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అని చెప్పాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే చోటే కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. అంత దూరం వెళ్లే పని పడలేదు. లోపలికి వెళ్లి సరైన 65 వాట్ల చార్జరు తెచ్చి ఇచ్చారు, అంటే అది మొదటి నుంచీ వాళ్ల దగ్గరే ఉంది. నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఎవరో ఇంటర్ పాసైన పిల్ల వాళ్ల నాన్నతో వచ్చి కొనుక్కుని ఉంటే, ఈ లేబుళ్ల లెక్క ఎవరూ చెప్పకపోతే, ఏడాదంతా మిషను పాడైందనే అనుకుని ఆ బ్యాటరీని చంపుకునేవాళ్లు.

ఇప్పుడు ఎలా ఉందంటే, ఖాళీగా ఉన్నప్పుడు 46 నుంచి 50 డిగ్రీలు, ఫ్యాను వినిపించదు. సెట్టింగ్స్‌లో పవర్ అండ్ బ్యాటరీ కింద పవర్ మోడ్ బ్యాలెన్స్‌డ్‌లో ఉంచాం, కంపెనీ యాప్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ షాపువాళ్లు పెట్టి ఉంచితే తీసేశాం. కంపైల్ పెడితే 88 వరకూ వెళ్లి అక్కడే నిలబడుతోంది. వెనకవైపు రెండు చిన్న రబ్బరు దిమ్మలు పెట్టి ఎత్తు చేస్తే ఇంకో నాలుగైదు తగ్గుతుంది, వందలు పోసి కూలింగ్ ప్యాడ్ కొనక్కర్లేదు. బ్యాటరీ మీద నోట్సు, బ్రౌజరు, కొంచెం కోడింగ్‌తో ఐదు గంటలు వస్తోంది. మంచం మీద పరుపులో పెట్టి వాడొద్దని చెల్లికి గట్టిగా చెప్పాను, అడుగు మూసుకుపోతే ఇదంతా మళ్లీ మొదటికి వస్తుంది.

ఒక్కటే ఇంకా పూర్తిగా తీరలేదు. మూత మూసి బ్యాగులో పెడితే కాలేజీకి వెళ్లేసరికి బ్యాగు వెచ్చగా ఉంటుంది, చార్జ్ ఏడెనిమిది శాతం పోయి ఉంటుంది. ఈ కాలం విండోస్ ల్యాప్‌టాప్‌లు నిద్రలో కూడా ఫోనులాగా నెట్‌కి కలిసే ఉంటాయి, మోడర్న్ స్టాండ్‌బై అంటారు, ఏదైనా అప్‌డేట్ లేపితే మూసిన బ్యాగులోనే పని చేసుకుంటుంది. ప్రస్తుతానికి కంట్రోల్ ప్యానెల్‌లో మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా, అంటే పనిని డిస్కులో దాచుకుని పూర్తిగా ఆగిపోయేలా పెట్టాం, తెరిచాక పది పదిహేను సెకన్లు ఆలస్యం, కానీ బ్యాగు చల్లగా ఉంటోంది. తర్వాతి బయోస్‌లో మామూలు స్లీప్ కుదుటపడుతుందేమో చూడాలి.

ల్యాప్‌టాప్‌కి ఐదులో నాలుగు ఇస్తాను. ఆ ధరకి ఈ ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్ దొరకడం మంచి బేరమే, కీబోర్డు బాగుంది, స్క్రీన్ మాత్రం ఎండ వెలుతురులో వెలవెలబోతుంది, స్పీకర్లు చాలా సన్నం. సర్వీసు సెంటరుకి కూడా నాలుగు, శుభ్రం చేసి అదే రోజు ఇచ్చారు. షాపుకి రెండు, ఆ రెండూ బిల్లు సరిగ్గా ఇచ్చినందుకు. బ్యాటరీలో తగ్గిన పది శాతానికి ఇంకో వెయ్యి రూపాయలైనా తగ్గించమని అడిగాను, ఓనరు ఒప్పుకోలేదు, నేను కూడా వదిలెయ్యలేదు, రాతపూర్వకంగా అడుగుతూ వాళ్ల ఈమెయిల్‌కి బ్యాటరీ రిపోర్టు జత చేసి పంపాను. ఆ మోడలే ఇంకో డిస్‌ప్లే పీసు షెల్ఫులో ఉంది, నేను వెళ్లినప్పుడు దాని పక్కన పెట్టి ఉన్న చార్జరు మీద కూడా 2.25 ఆంపియర్లే రాసి ఉంది.